రీల్‌లో పేలిన క్రష్ పాట: లేబుల్‌కి సంతకం పెట్టేముందు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఇద్దరు స్నేహితులు కలిసి ఒక తెలుగు పాప్ పాట చేశారు. సాహిత్యం ఒకరిది, ట్యూనూ గొంతూ ఇంకొకరివి. యూట్యూబ్‌లో విన్న బీట్‌ని, అంటే ముందే కట్టి అమ్మే వాయిద్యాల ట్రాక్‌ని, 30 డాలర్లకి కొని దాని మీద పాడారు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో కనిపించే అమ్మాయి మీద వన్‌సైడ్ క్రష్, పాటంతా అదే. హుక్ (జనం నోట నిలిచే ముక్క) ఉన్న 22 సెకన్ల భాగాన్ని రీల్‌గా పెడితే దాని మీద వేలమంది రీల్స్ చేసేశారు. పూర్తి పాట ఇంకా ఎక్కడా రాలేదు. ఇప్పుడొక మ్యూజిక్ లేబుల్ 1,50,000 రూపాయలిస్తాం, హక్కులన్నీ రాసివ్వండి, 2 లక్షలు పెట్టి వీడియో మేమే తీస్తాం అంటోంది. సంతకం పెట్టాలా, సొంతంగా వదలాలా?

ఈ వారం సంతకం వద్దు. సొంతంగా వదలడమూ ఈ వారం వద్దు. రెండింటికీ అడ్డం పడేది ఒకటే, ఆ 30 డాలర్ల బీట్.

30 డాలర్లకి మీ చేతికొచ్చింది బీట్ కాదు, దాన్ని షరతుల మీద వాడుకునే లీజు. కొన్నప్పుడు మెయిల్‌కి వచ్చిన లైసెన్సు పీడీఎఫ్ తెరిచి ముందు స్ట్రీమ్స్ పరిమితి చూడండి. చవక లీజుల్లో చాలావాటికి ఒక సంఖ్య ఉంటుంది, అది దాటితే కొత్త లైసెన్సు కొనుక్కోవాలి. తర్వాత గడువు. ఆ తర్వాత కంటెంట్ ఐడీలో (మీ ఆడియో ఎవరి వీడియోలో వాడినా పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ) నమోదు చేసుకోవచ్చా లేదా అన్నది. దాదాపు ఏ లీజులోనూ కుదరదు, ఎందుకంటే అదే బీట్‌ని ఇంకో యాభైమంది కొనుక్కుని ఉంటారు. మీరు నమోదు చేస్తే వాళ్ళ వీడియోలకి క్లెయిములు పోతాయి, వాళ్ళలో ఎవరైనా ముందే చేసి ఉంటే మీ వీడియోకే వస్తుంది. చివరగా, కంపోజిషన్‌లో, అంటే పాట రచనలో, బీట్ చేసినతను ఎంత వాటా ఉంచుకున్నాడో చూడండి. సగం అని రాసి ఉండటం మామూలే.

ఇలాంటి లీజు మీద కట్టిన పాటని 'హక్కులన్నీ మావే' అని లేబుల్‌కి రాసిచ్చారంటే మీది కానిదాన్ని అమ్మినట్టు. అగ్రిమెంట్లలో వారంటీ (ఇదంతా మాదేనన్న హామీ), ఇండెమ్నిటీ (నష్టం వస్తే మేమే భరిస్తామన్న మాట) అని రెండు క్లాజులు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. రేపు ఎవరైనా అభ్యంతరం పెడితే ఖర్చంతా మీ నెత్తిన వేసేవి అవే.

'ఇకపై ఇంకెవరికీ అమ్మకుండా ఎక్స్‌క్లూజివ్ కొనేస్తే సరి' అనుకుంటారేమో. దానికీ రెండు మెలికలున్నాయి. మీరు ఎక్స్‌క్లూజివ్ కొన్నా, అంతకుముందు లీజుకి తీసుకున్నవాళ్ళ లీజులు గడువు దాకా నడుస్తూనే ఉంటాయి. రెండోది ఇంకా ముఖ్యం: ఆ బీట్‌లోనే ఎవరిదో శాంపిల్, అంటే వేరే రికార్డింగులోంచి తీసిన ముక్క, ఉండొచ్చు. ఓల్డ్ టౌన్ రోడ్ అనే అమెరికన్ పాట సంగతి తెలిసే ఉంటుంది. దాన్ని పాడిన లిల్ నాస్ ఎక్స్ ఆ బీట్‌ని యంగ్‌కియో అనే బీట్‌మేకర్ దగ్గర 30 డాలర్లకే కొన్నాడు. అందులో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ వాళ్ళ ముక్క ఉంది. పాట పేలాక ఆ బ్యాండ్‌లోని ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ పేర్లు రచయితల జాబితాలోకి ఎక్కాయి. ప్రేమ పాటల్లోనే చూస్తే, పౌఫూ అనే కెనడా కుర్రాడు బీబడూబీ పాడిన కాఫీ పాట ముక్కని తీసుకుని డెత్ బెడ్ చేసి, అనుమతి లేకుండానే నెట్‌లో పెట్టాడు. అది పాకిపోయాక కొలంబియా రికార్డ్స్ రంగంలోకి దిగింది. శాంపిల్ క్లియర్ చేయించి 2020లో అధికారికంగా విడుదల చేసింది. వాళ్ళకి వెనకాల పెద్ద లేబుల్ లీగల్ టీమ్ ఉంది. మీకు లేదు కాబట్టి ఆ పని ముందే చేసుకోవాలి.

బీట్ చేసినతనికి ఇవాళే మెయిల్ పెట్టండి. రీల్ వైరల్ అయిందని ఊదరగొట్టకండి, రేటు పెంచేస్తాడు. అబద్ధమూ ఆడకండి. మూడు ప్రశ్నలు చాలు: ఈ బీట్‌లో బయటి శాంపిల్స్, లూప్స్ (తిప్పి తిప్పి వాడే రెడీమేడ్ ముక్కలు) ఏమైనా ఉన్నాయా, ఉంటే ఎక్కడివి? ఇప్పటిదాకా ఎన్ని లీజులు అమ్మారు? ఎక్స్‌క్లూజివ్‌కి ఎంత, అందులో కంటెంట్ ఐడీ హక్కు, ట్రాక్ స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికీ విడి ఫైలు) ఇస్తారా? జవాబు రాతలో రావాలి, ఫోన్‌లో కాదు.

జవాబు రాకపోయినా, శాంపిల్ ఉందని తేలినా బీట్ వదిలేయండి. మీ ట్యూన్ మీదే కదా. ఇక్కడే ఒక మ్యూజిక్ ప్రోగ్రామర్‌ని పట్టుకుని అదే శ్రుతిలో, అదే టెంపోలో కొత్త ట్రాక్ కట్టించుకోండి, హుక్ మళ్ళీ పాడే పని కూడా తప్పుతుంది. కార్డ్ ప్రోగ్రెషన్ (కార్డ్‌లు వచ్చే వరస) దగ్గరగా ఉంటే ఇబ్బంది లేదు, అలాంటివి ఎవరి సొత్తూ కావు. కానీ పాత బీట్‌లోని లీడ్ మెలొడీని వాయిద్యం మార్చి మళ్ళీ వాయించడం మాత్రం కాపీ కిందకే వస్తుంది. మీ రీల్ మొదట్లో వినబడే ఆ గంటల శబ్దం జనానికి గుర్తుండిపోయిందని భయమా? దాని బదులు లిఫ్టు 'టింగ్' పెట్టండి. పాట లిఫ్టు గురించేగా. ఫోన్‌లో మీరే రికార్డు చేసుకుంటే అది పూర్తిగా మీది. ప్రోగ్రామర్‌కి డబ్బులిచ్చిన రోజే 'ఈ ట్రాక్ మీద హక్కులు ఫలానా ఇద్దరివి, లూప్ లైబ్రరీల నుంచి వాడినవి ఇవి' అని ఒక పేజీ రాయించుకుని సంతకం తీసుకోండి.

ఇక మీ ఇద్దరి మధ్య. స్నేహితులం, రాసుకోవడమేంటి అనిపిస్తుంది. రాసుకోండి. పాటలో రెండు వేరు వేరు ఆస్తులున్నాయి. ఒకటి సాహిత్యం, ట్యూన్ కలిసిన రచన. రెండోది దాని రికార్డింగు, వాడుకలో మాస్టర్ అంటాం. రచనలో చెరి సగమా 60-40ఆ, మాస్టర్‌లో ఎవరికెంత, స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారు, ఎవరికి ముందు తిరిగొస్తుంది అన్నవి ఒక్క కాగితం మీద తేలిపోతాయి. మన చట్టం ప్రకారం రికార్డింగుకి చొరవా బాధ్యతా తీసుకున్నవాళ్ళే నిర్మాత, ఆ నిర్మాతే మొదటి హక్కుదారు. అంటే ప్రస్తుతానికి మీరిద్దరే లేబుల్.

ఇప్పుడు ఆ ఆఫర్ చూద్దాం. ఔట్‌రైట్, అంటే ఒకేసారి డబ్బిచ్చి మొత్తం కొనేస్తాం, అంటున్నారు కాబట్టి, 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ మీకు బాగా పనికొస్తుంది. సినిమాలో లేని ప్రైవేట్ పాటకి కూడా, పాట వాడుకున్నప్పుడల్లా వచ్చే రాయల్టీలో లేబుల్‌తో సమాన వాటా తీసుకునే హక్కు రచయితకీ స్వరకర్తకీ ఉంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు, వదులుకోవడానికీ వీల్లేదు. అగ్రిమెంట్‌లో 'అన్ని రాయల్టీలూ వదులుకుంటున్నాను' అని రాసి ఉన్నా ఆ ముక్క చెల్లదు. అలాగని ధీమాగా సంతకం చేసేయకండి. ఆ రక్షణ రచనకే, మాస్టర్‌కి కాదు. స్ట్రీమింగ్ డబ్బులో ఎక్కువ భాగం వచ్చేది మాస్టర్ మీదే.

గడువు, ప్రాంతం రాయకపోతే చట్టం 5 ఏళ్ళు, భారతదేశం అని లెక్కేస్తుంది. అందుకే లేబుల్ వాళ్ళు 'పర్పెచువల్, వరల్డ్‌వైడ్' (శాశ్వతంగా, ప్రపంచమంతటా) అని మరిచిపోకుండా రాస్తారు. రికార్డింగు మీద కాపీరైట్ 60 ఏళ్ళు. లక్షన్నరకి మీరిచ్చేది ఆ మొత్తం. దాని బదులు 3 నుంచి 5 ఏళ్ళ లైసెన్సు అడగండి, మాస్టర్ మీ పేరునే ఉంటుంది. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ట్రెండింగ్‌లో ఉన్న పాటకి బేరం ఆడే శక్తి ఉంటుంది, రెండు నెలలయ్యాక ఉండదు.

'ఔట్‌రైట్ కాదు, 50-50 చేద్దాం, లక్షన్నర అడ్వాన్సు' అని దిగొచ్చారనుకోండి. అసలు కిటుకు అప్పుడే మొదలవుతుంది. అడ్వాన్సు 1,50,000, వీడియో ఖర్చు 2,00,000, మొత్తం 3,50,000 తిరిగి రాబట్టుకోవాలి. ఎక్కణ్ణించి అన్నదే ప్రశ్న. మొత్తం ఆదాయంలోంచి ముందు ఖర్చు తీసేసి మిగిలింది పంచితే, 3,50,000 దాటిన దగ్గర్నుంచి మీకు డబ్బు మొదలవుతుంది. 'ఆర్టిస్టు వాటాలోంచి' అని రాసి ఉంటే మీ సగం 3,50,000 అయ్యేదాకా ఆగాలి, అంటే పాట 7,00,000 సంపాదించాలి. పాట సరిగ్గా 7 లక్షలు తెచ్చిందనుకుంటే, మొదటి పద్ధతిలో మీకు అడ్వాన్సు కాక 1,75,000 అందుతుంది, రెండో పద్ధతిలో సున్నా. తేడా అంతా ఒక్క పదబంధంలో ఉంది. వీడియో ఖర్చుకి గరిష్ఠ పరిమితి, బిల్లులు చూపించాలన్న షరతు కూడా రాయించండి.

ఇంకా చూడాల్సినవి: తర్వాతి రెండు మూడు పాటలు కూడా వాళ్ళకే ఇవ్వాలన్న ఆప్షన్ క్లాజు (కొట్టేయమనండి), మీ ఇన్‌స్టా, యూట్యూబ్ ఖాతాల మీద అధికారం (ససేమిరా), గొంతుని ఏఐ శిక్షణకి వాడుకోవడం (రాతపూర్వకంగా వద్దనండి), 6 నెలల్లో విడుదల చేయకపోతే హక్కులు వెనక్కి రావడం (చేర్పించండి). సినిమా, ఓటీటీ, ప్రకటనల్లో వాడుకోవాలంటే ప్రతిసారీ మీ అనుమతి ఉండాలి. కాపీరైట్ తెలిసిన లాయరుకి ఒక గంట ఫీజు కట్టి చదివించండి. ఆస్తి కేసులు చూసే ఇంటి లాయరుకి కాదు.

పాట సంగతి. సాహిత్యం, రికార్డింగూ పంపారు కాబట్టి చెబుతున్నా. హుక్ ఎందుకు పాకిందో స్పష్టంగానే ఉంది:

నాలుగు నొక్కావు లిఫ్టులో
నాదీ నాలుగే అన్నా
రెండో అంతస్తు దాటుతుంటే
ఇంట్లో అమ్మ పిలుపు విన్నా

ఇందులో 'ప్రేమ' అన్న మాటే లేదు. అబ్బాయి ఉండేది రెండో అంతస్తు అని కూడా ఎక్కడా చెప్పలేదు, విన్నవాళ్ళే పట్టుకున్నారు. క్రష్ అంటే అవతలి మనిషికి తెలియని వ్యవహారం. ఇవతలివాడు చేసే చిన్న వెర్రిపని చూపిస్తే చాలు, ఎంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. పైగా అన్నా, విన్నా అని దీర్ఘాల మీద ఆగింది. మనది అజంత భాష, పదం అచ్చుతో ముగుస్తుంది. ఆ అచ్చు దీర్ఘమైతే స్వరం నిలబెట్టడానికి గాయకుడికి చోటు దొరుకుతుంది.

చరణంలోకి రాగానే చందమామ, వెన్నెల, కలల రాణి వచ్చేశాయి. రీల్ విని పూర్తి పాటకి వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే వెళ్ళిపోతారు. ఆ నాలుగు పంక్తులూ తీసేసి అదే బిల్డింగ్‌లో ఉండండి. వాచ్‌మన్, పార్శిల్ మీద చూసిన ఆమె పేరు, లిఫ్టు పాడై మెట్లెక్కిన రోజు, కావలసినంత సరుకుంది. రెండో సంగతి, 'మది' అన్నచోట మొదటి అక్షరాన్ని రెండు మాత్రలు లాగారు, 'మాది' అని వినిపిస్తోంది. హ్రస్వం మీద బలమైన బీటూ సాగదీతా పడితే తెలుగులో మాటే మారిపోతుంది. ట్యూన్ మార్చనక్కర్లేదు, అక్కడ దీర్ఘంతో మొదలయ్యే మాట పెట్టండి. పై స్థాయిలో 'స్వప్నం' అన్న మాటా గొంతుకి అడ్డం పడుతోంది, ఒత్తులున్న మాటల్ని కింది స్వరాల్లోకి దించండి.

నిడివి 3 నిమిషాలు దాటనివ్వకండి. రెండు చరణాలు సినిమా పాట అలవాటు, దీనికి ఒక్కటి సరిపోతుంది. 26 సెకన్ల ఇంట్రో మరీ ఎక్కువ. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్‌గా లెక్క, మీ హుక్ వచ్చేది 48వ సెకనుకి. హుక్‌తోనే మొదలుపెట్టండి.

మిక్స్ గురించి రెండు మాటలు. ఫైనల్ ఫైల్‌ని -7 ఎల్‌యుఎఫ్‌ఎస్ (వినబడే గట్టిదనపు కొలత) దాకా పిండేశారు. స్పాటిఫై మామూలుగా -14కి సర్దుతుంది కాబట్టి మీ పాటని 7 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. గట్టిదనం పోయి, పిండినందుకు వచ్చిన పగుళ్ళు మాత్రం మిగులుతాయి. -11, -12 మధ్య ఆపండి, ట్రూ పీక్ (శబ్దం ఎక్కే అత్యధిక స్థాయి) -2 దాటకూడదు. గొంతు వెనకాల ఫ్యాన్ హోరు వినిపిస్తోంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే స, శ అక్షరాలు పిప్పైపోతాయి. చరణం ఎలాగూ మళ్ళీ పాడాలి కాబట్టి ఫ్యాన్ ఆపి, వెనకాల పరుపు నిలబెట్టి, మైక్‌కి జానెడు దూరంలో పాడండి. పీక్స్ -10 నుంచి -6 మధ్య ఉంటే చాలు. బేస్‌ని ఫోన్ స్పీకర్‌లో విని చూడండి. అడుగు ఫ్రీక్వెన్సీలు ఫోన్‌లో పలకవు, కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకుచేసే ఎఫెక్ట్) వేస్తే పై హార్మోనిక్స్ వల్ల బేస్ ఉన్నట్టు తెలుస్తుంది.

ఫైనల్ మిక్స్‌తో పాటు ఇన్‌స్ట్రుమెంటల్, ఉత్త గొంతు, విడి స్టెమ్స్ అన్నీ 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా, మొదటి బార్ నుంచి ఒకే నిడివితో తీసి పెట్టుకోండి. అంతా క్లిక్ (మెట్రోనోమ్) మీద ఉండాలి. బరాత్ డీజేలు మీ అనుమతి అడిగి రీమిక్స్ చేయరు, చేస్తారంతే. టెంపో ఊగిసలాడే పాటని మాత్రం ముట్టుకోరు. స్పెడప్, స్లోడ్ (వేగం పెంచిన, తగ్గించిన) వెర్షన్లు కూడా మీరే వదలండి, లేకపోతే ఎవడో ఒకడు తన పేరు మీద వదులుతాడు.

విడుదలకి డిస్ట్రిబ్యూటర్‌ని (పాటని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చే సంస్థ) ఎంచుకునేటప్పుడు ఏడాది చందా మానేస్తే పాట ఉంటుందా పోతుందా, జియోసావన్‌కి పంపుతారా, కాలర్ ట్యూన్ ఇప్పిస్తారా అని అడగండి. మన ఊళ్ళలో కాలర్ ట్యూన్ తక్కువదేం కాదు. భాష దగ్గర తెలుగు అనే పెట్టండి, హిందీ అని ఉండిపోతే తెలుగు ప్లేలిస్టుల ఎడిటర్ల కంట పడదు. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కలాగే రాయండి; రీల్‌లో ఒక స్పెల్లింగు, స్పాటిఫైలో ఇంకొకటి ఉంటే వెతికేవాళ్ళు మధ్యలో జారిపోతారు. కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెల్స్. ప్రతి వెర్షన్‌కీ రికార్డింగుని గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వేరుగా ఉంటుంది, రాసి దాచుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్ ఇస్తే ప్లే కౌంట్ నిలుస్తుంది.

విడుదల తేదీకి మూడు వారాల ముందు అప్‌లోడ్ చేసి, కనీసం 7 రోజుల ముందు స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పిచ్ పెట్టండి, అంటే ప్లేలిస్టుల్లో వేయమని ఎడిటర్లని అడగండి. విడుదలయ్యాక పిచ్ చేసే దారి లేదు. ఇన్‌స్టా ముక్క ఎక్కడ మొదలవ్వాలో డిస్ట్రిబ్యూటర్ ఫారంలో అడుగుతారు, సరిగ్గా 'నాలుగు' దగ్గర పెట్టండి. ఇప్పుడు నడుస్తున్నది 'ఒరిజినల్ ఆడియో', దాని మీద ఎన్ని రీల్స్ వచ్చినా మీకు సంగీతపు రాయల్టీ రాదు. అధికారిక ఆడియో వచ్చిన రోజు దానితో కొత్త రీల్ చేసి పిన్ చేయండి, పెద్ద రీల్స్ చేసినవాళ్ళకి మెసేజ్ పెట్టి మళ్ళీ చేయమని అడగండి. 'లక్ష స్ట్రీమ్స్ గ్యారంటీ' అనేవాళ్ళ జోలికి పోవద్దు. నకిలీ స్ట్రీమ్స్ తేలితే స్పాటిఫై 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తోంది, వాళ్ళు మీ పాట పీకేస్తారు.

పాట బయటికొచ్చాక ఇద్దరూ విడివిడిగా ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ) చేరండి, ఒకరు రచయితగా, ఇంకొకరు స్వరకర్తగా. డిస్ట్రిబ్యూటర్ పంపేది మాస్టర్ డబ్బే. రచన మీద రేడియోలు, ఈవెంట్లు, స్ట్రీమింగ్ కట్టే రాయల్టీ వచ్చేది ఐపీఆర్‌ఎస్ ద్వారా. చేరితే సరిపోదు, పాటని విడిగా నమోదు చేయాలి.

రీల్ వేడి మూడు వారాల్లో చల్లారిపోతుందని కంగారు పడుతున్నారు. కొంత చల్లారుతుంది, నిజమే. బుల్లెట్టు బండి పాట చూడండి. లక్ష్మణ్ రాసి, ఎస్.కె. బాజీ సంగీతం చేసి, మోహన భోగరాజు పాడిన ఆ ప్రైవేట్ పాట 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఊరూవాడా ఊగిపోయింది ఆగస్టులో, మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి వేసిన స్టెప్పుల వీడియో బయటికొచ్చాక. ఆ నాలుగు నెలలూ పాట యూట్యూబ్‌లో సిద్ధంగా ఉంది కాబట్టే వీడియో చూసినవాళ్ళు నేరుగా దాని దగ్గరికి వెళ్ళగలిగారు.

అలాంటి రెండో ఊపు వస్తే సినిమావాళ్ళ ఫోన్ కూడా రావచ్చు. 'పాట మా సినిమాలో పెడతాం, పాతది యూట్యూబ్‌లోంచి తీసేయండి' అనడం మామూలే. వాడుకోవడానికి ఆ ఒక్క సినిమాకి లైసెన్సు ఇవ్వండి. మీ అసలు రికార్డింగు అన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదా ఉన్నచోటే ఉంటుందనీ, సినిమా వెర్షన్ టైటిల్స్‌లోనూ లిరికల్ వీడియో కింద కూడా ఇద్దరి పేర్లూ వేయాలనీ అడ్వాన్సు తీసుకునే ముందే కాగితం మీద పెట్టించండి. ఇంకో గాయకుడితో మళ్ళీ పాడించుకుంటామంటే ఒప్పుకోవచ్చు, రచన మీదే కాబట్టి మీ వాటా మీకు వస్తుంది. 'రెండో చరణం మా రచయిత రాస్తాడు' అంటే మాత్రం వాటా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరికెంత అన్నది ఆ చరణం రికార్డింగుకి వెళ్ళకముందే తేల్చుకోండి.